చిన్న కుక్కకు సాగే బెల్టా, మామూలు బెల్టా? మన గల్లీల లెక్కన చూసి కొనండి

ఇంట్ల చిన్న కుక్క ఉన్నోళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఇదే, ఆ బటన్ ఒత్తితే ఆగేది, వదిలితే డబ్బాలకు సుట్టుకపోయేది, కుక్కను పట్టుకోని తిప్పే ఆ సాగే బెల్టు కొనాల్నా వద్దా అని. పెద్ద కుక్కలు సాదేటోళ్లకు ఈ డౌట్ రానే రాదు, లాబ్రడార్ ఒక్క గుంజు గుంజితే ఆ ప్లాస్టిక్ డబ్బా చేతుల ఉండదని వాళ్లకు తెలుసు. స్పిట్జ్, పామేరియన్, పగ్, షిట్జు, డాష్‌హండ్ ఉన్నోళ్లకే ఆశ పుడుతది, ఇంత చిన్నదానికి ఏమైతది, పాపం జర ఫ్రీగ తిరుగుతది గదా అని. నేను గూడ గట్లనే కొన్న. మా లడ్డు స్పిట్జ్, ఆరు కిలోలు ఉంటది, నల్లగొండల రామగిరి దిక్కు ఒక గల్లీల ఉంటం. మూడేండ్లల్ల సాగేదాంట్ల దారం రకం ఒకటి, పట్టీ రకం ఒకటి, మామూలు నైలాన్ బెల్టులు రెండు, ఒక పొడుగు తాడు, అన్ని వాడి చూసిన.

నా మాట ముందే చెప్త. ఒక్కటే కొనేటట్టుంటే నాలుగు, ఐదు అడుగుల మామూలు నైలాన్ బెల్టు కొనండి, దాంతోని పాటు మెడ పట్టా కాకుండ ఛాతీకి తొడిగే హార్నెస్. సాగే బెల్టు చెడ్డదని నేను అనను, కానీ అది రెండో బెల్టు, ఖాళీ జాగల కోసం. మొదటి బెల్టుగ అది పనికిరాదు, మన గల్లీలల్ల అసలే పనికిరాదు. ఎందుకో కింద ఒక్కొక్కటి చెప్త.

## కొనేముందు ఏం చూడాలె

షాపుల రంగు, పొడుగు చూస్తం. చూడాల్సింది అవి కాదు.

కుక్కను ఎంత తొందరగ మన కాళ్ల దగ్గరికి తెచ్చుకోగలం? నా లెక్కల అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. చిన్న కుక్కకు ఆపద వస్తే మనకు దొరికేది ఒకటి, రెండు సెకన్లు. వీధి కుక్కలు మీదికొస్తయ్, కోతులు గోడ దిగుతయ్, ఆటో రివర్స్ వస్తది. ఆ రెండు సెకన్లల్ల దాన్ని ఎత్తుకోవాలె.

మీరు తిప్పే జాగ ఎంత వెడల్పు? సాగే బెల్టులు మామూలుగ 3 మీటర్లు, 5 మీటర్లు, 8 మీటర్లు వస్తయ్. 5 మీటర్లంటే పదహారు అడుగుల పైన. మా గల్లీ గోడ నుంచి గోడకు పద్నాలుగు అడుగులు. అంటే బెల్టు మొత్తం సాగిందనుకోండి, నేను ఈ గోడకు ఆనుకోని నిలబడ్డా కుక్క ఆ గోడ దాక పోయి ఇంకా వాళ్ల గేట్లకు దూరగలుగుతది, మధ్యల వచ్చే బండ్లన్ని ఆ దారం మీదికెళ్లి పోవాల్సిందే. ఈ లెక్క కొనకముందు నేను వేసుకోలే, మీరు ఇంటి ముంగట ఒకసారి టేపు పెట్టి కొలిచి చూసుకోండి.

కుక్క మెడ. పామేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి బుడ్డ జాతులల్ల గాలిగొట్టం మెత్తబడి అణిగే జబ్బు ఎక్కువ, బాతు అరిచినట్టు ఒక రకం దగ్గు వస్తది. అసొంటి కుక్కకు మెడ పట్టా మీద గుంజుడు అసలే మంచిది కాదు. పగ్‌కు ముక్కు పొట్టిది, కండ్లు బయటికి ఉంటయ్, మెడ బిగిస్తే ఊపిరికీ కంటికీ రెండిటికీ ఇబ్బందే. డాష్‌హండ్‌కు పొడుగు నడుము, వెన్నుపూసల మధ్యల డిస్కు జారే గుణం ఆ జాతిలనే ఉంటది, దానికి జెర్కులు పడొద్దు.

బెల్టు పట్టుకునే చెయ్యి ఎవరిది? మీదా, అత్తమ్మదా, ఐదో తరగతి పిల్లగాడిదా. ఇంట్ల కుక్కను ఒక్కళ్లే తిప్పరు, ఎవరికి తీరితే వాళ్లు తీస్కపోతరు, కాబట్టి ఇంట్ల అందరికంటే బలం తక్కువ ఉన్న చెయ్యిని లెక్కల పెట్టుకోని కొనాలె.

ధర, మన్నిక అనేటివి వీటి తర్వాతనే.

## సాగే బెల్టు, దారం రకం

ఇది మేస్త్రీ చేతుల ఉండే కొలత టేపు లెక్కనే పనిచేస్తది. ప్లాస్టిక్ డబ్బాల ఒక చక్రం, చక్రానికి స్ప్రింగు, దాని సుట్టు సన్న దారం. కుక్క ముందుకు పోతే దారం సాగుతది, దగ్గరికి వస్తే స్ప్రింగు మళ్ల సుట్టేసుకుంటది. బొటనవేలి కింద బటన్ ఒత్తితే ఆగుతది, ఇంకోటి నొక్కితే అక్కడనే లాకయితది. కొత్తది గూడ కాదు, న్యూయార్క్‌ల మేరీ డిలేనీ అనే ఆమె ఇట్ల సుట్టుకునే బెల్టుకు 1908లనే పేటెంట్ తీసుకున్నది, ఇప్పుడు మనం చూసే రకాన్ని 1970లల్ల జర్మనీకి చెందిన ఫ్లెక్సీ కంపెనీ ప్రపంచమంత అమ్మింది.

మంచిగున్నవి ముందు చెప్పాలె గదా. బెల్టు కాళ్ల కింద పడదు, నేలకు తగలదు, కాబట్టి బురద అంటదు, చిన్న కుక్క కాళ్లకు సుట్టుకోదు. వాసన చూసుకుంట పోయే కుక్కలకు ఇది నిజంగ సంతోషం, మా లడ్డు ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ల మొదటిసారి ఐదు మీటర్లు దూరం పోయి వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. కుక్క పక్కకు పోయి కూసునేదాక మనం ఉన్న కాడనే నిలబడొచ్చు, ముండ్ల కంపలకు దాని ఎంబడి పోవాల్సిన పని లేదు.

ఇగ ఇబ్బందులు. మొదటిది, చాలామంది అనుకున్నట్టు ఆ బటన్ కుక్కను వెనక్కి గుంజదు. ఆపుతది, గంతే. స్ప్రింగుకు వదులుగున్న దారాన్ని సుట్టే బలమే ఉంటది, ఎదురు గుంజే కుక్కను తెచ్చే బలం ఉండదు. కుక్క నాలుగు మీటర్ల దూరంల ఉన్నదంటే మీరు బటన్ ఒత్తి, దాని దిక్కు నడిచి, వదులయిన దారం సుట్టుకోనిచ్చి, మళ్ల ఒత్తి, మళ్ల నడవాలె. ఒకనాడు పొద్దుమూకినంక మా గల్లీ మలుపు కాడ ఆగి ఉన్న ఆటో కిందికెళ్లి నల్ల వీధి కుక్క లేచింది, లడ్డు అప్పటికే దాని ముంగట ఉన్నది, నేను ఎనుక ఉన్న. బటన్ ఒత్తిన, లడ్డు ఆగిపోయింది, అంటే ఆ నల్లదాని ముంగటనే నేను దాన్ని కట్టేసినట్టయింది. భయంల డబ్బా వదిలి ఇంకో చేత్తోని దారం పట్టి గుంజిన, లడ్డు ఒక్కసారి ఉరికేసరికి దారం చేతులకెళ్లి సర్రున జారింది. చూపుడు వేలు లోపట గీత గీసినట్టు కాలింది, సబ్బు తగిలినా కారం తగిలినా వారం దాక మంట. ఆ దారం మన షూ లేసంత సన్నగ ఉంటది, నైలాన్, రాపిడికి చర్మం కోసుకపోతది. వేలుకు సుట్టుకుంటే ఇంకా ప్రమాదం, వేలు తెగే అవకాశం ఉందని బెల్టు కంపెనీలే సూచనల కాగితంల రాస్తయ్. ఆ కాగితం ఎవ్వరం చదవం.

రెండోది డబ్బా చేతులకెళ్లి జారుడు, నాకు దీనంత భయపెట్టింది ఇంకోటి లేదు. పానగల్ చెరువు దిక్కు పొద్దుగాల పోయినం, చలికాలం, చేతులు చల్లబడి పట్టు సరిగ లేదు, జేబుల ఫోన్ మోగింది, తీయబోతే డబ్బా జారి సీసీ రోడ్డు మీద టక్కున పడ్డది. లడ్డు ఉలిక్కిపడి ఉరికింది. అది ఉరుకుతుంటే స్ప్రింగు దారాన్ని సుట్టుకుంట డబ్బాను దాని దగ్గరికే తీస్కపోతది గదా, అంటే ఆ డబ్బా ఎగురుకుంట, చప్పుడు చేసుకుంట దాని ఎంబడి పడ్డట్టయింది. అది ఎంత ఉరికితే డబ్బా అంత ఎగురుతది, ఎంత ఎగిరితే ఇది అంత బెదురుతది. ముంగట లారీలు పోయే రోడ్డు. నేను ఒర్రుకుంట ఉరుకుతున్న. గొర్లు తోలుకపోయే తాత ఒకాయన "ఉరకకు బిడ్డా, నువ్వు ఉరికితే అది ఇంకింత ఉరుకుతది" అన్నడు, అనుకుంటనే పక్కకొచ్చి తన చెప్పు కాలు దారం మీద పెట్టి తొక్కిండు. అట్ల దొరికింది. తర్వాత రెండు వారాల దాక ఆ డబ్బా చేతులకు తీసుకుంటే చాలు లడ్డు మంచం కిందికి పోయేది. మామూలు బెల్టు జారినా కుక్క ఉరుకుతది, కాదనను, కానీ అది చప్పుడు చెయ్యదు, ఎంబడి తరమదు, వెనక పొడుగ్గ పడి ఉంటది కాబట్టి తొక్కి పట్టుకోవచ్చు. ఈ డబ్బాలు వంద గ్రాముల పైమాట, పెద్దవి పావు కిలో దాక ఉంటయ్. రెండు కిలోల పామేరియన్‌కు అది ఎంత బరువో మీరే ఆలోచించండి.

ఇంకోటి, చీకట్ల దారం కండ్లకు ఆనదు. ఎండాకాలం మన దిక్కు ఎండలు తెలిసినయే గదా, ఏడు దాటితే రోడ్డు కాలుతది, కాబట్టి ఐదు, ఐదున్నరకే తీస్తం. ఆ టైమ్‌ల పాలోళ్ల బండ్లు, పేపరోళ్ల సైకిళ్లు స్పీడుగ వస్తయ్. కుక్క రోడ్డుకు అటు, మనిషి ఇటు ఉంటే మధ్యల దారం ఉన్నదని బండోనికి తెల్వదు.

చివరిది, అలవాటు. సాగే బెల్టుల ఎప్పుడూ కొంచెం గుంజుడు ఉంటది, కుక్క ఎంత గుంజితే అంత దారం దొరుకుతది. అంటే గుంజితే పని అయితదని మనమే నేర్పుతున్నం. నడక నేర్వని పిల్లకు ఇది కట్టొద్దనేది అందుకే.

## సాగే బెల్టు, పట్టీ రకం

డబ్బా అదే, లోపట దారం బదులు వెడల్పు పట్టీ. సాగేదే కావాలంటే ఇదే తీసుకోండి. దారమంత తొందరగ కోసుకపోదు, చీకట్ల మెరిసే పట్టీ దొరుకుతది, ఆపదల చేత్తోని పట్టుకోవచ్చు, అయినా వట్టి వేళ్లకు సుట్టుకోవద్దు. డబ్బా కొంచెం బరువు, తడిస్తే పట్టీ నీళ్లు పీల్చి వాసనొస్తది. వెనక్కి గుంజకపోవుడు, జారితే తరుముడు, ఆ రెండు ఇబ్బందులు దీనికి గూడ అట్లనే ఉంటయ్.

డబ్బా మీద 8 కిలోలు, 12 కిలోలు, 15 కిలోలు అని రాసి ఉంటది, అది కుక్క బరువు. సరిగ్గ దాని బరువుదే కాకుండ ఒక మెట్టు పైది తీసుకోండి, ఎందుకంటే కుక్క ఉరికొచ్చి చివర ఆగినప్పుడు పడే జెర్కు దాని బరువు కంటే చాలా ఎక్కువ. అట్లని మరీ పెద్దది గూడ వద్దు, దాని స్ప్రింగు గట్టిగ ఉండి బుడ్డ కుక్కను ఎప్పుడూ వెనక్కి పట్టినట్టు ఉంటది. కొక్కెం ముఖ్యం, తెగిందంటే స్ప్రింగు బలానికి అది మన ముఖం మీదికే ఎగిరొస్తది. 2008ల అమెరికాల ఇట్ల కొక్కెం విరిగి ఎగిరొస్తున్నదని ఒక రకం సాగే బెల్టులు రెండు లక్షలకు పైన మార్కెట్ నుంచి వాపస్ తీసుకున్నరు. బండ్ల మీద పేరు లేని డబ్బాలు అగ్గువకు దొరుకుతయ్, అవి వద్దు. పైసలు తక్కువుంటే అదే పైసలతోని మంచి నైలాన్ బెల్టు వస్తది.

## మామూలు నైలాన్ బెల్టు

దీని గురించి ఎవ్వళ్లు గొప్పగ చెప్పరు, కానీ మా ఇంట్ల రోజూ పని చేసేది ఇదే. నాలుగు నుంచి ఆరడుగులు ఉంటది. గల్లీకి నాలుగు, ఐదు చాలు. కుక్క ఎంత దూరం పోతదో మనకూ తెలుసు, దానికీ తెలుసు, నెల రోజులల్ల ఆ దూరం అలవాటై గుంజుడు తగ్గుతది. ఆపద వస్తే ఒక అడుగు ముందుకేసి వంగితే కుక్క చేతులకొస్తది. చిన్న కుక్కకు వేలంత వెడల్పు పట్టీ, చిన్న కొక్కెం ఉన్నది చూడండి, పెద్ద కుక్కల కొక్కెం దాని మెడ మీద తాళం ఏలాడేసినట్టు ఉంటది.

ఇబ్బంది లేదా అంటే ఉన్నది. వదులైతే కాళ్ల కిందికి పోతది, గంటకు నాలుగుసార్లు కాలు ఎత్తి తీయాలె. వానకాలం నేలకు తగిలి బురదైతది. కుక్కకు తిరిగే జాగ తక్కువ, వాసన కోసం అది ఆగిన కాడల్ల మనం గూడ ఆగాలె, ఓపిక కావాలె.

## పొడుగు తాడు

పదిహేను, ఇరవై అడుగుల పల్చని నైలాన్ పట్టీ, డబ్బా లేదు, స్ప్రింగు లేదు. పిలిస్తే వచ్చుడు నేర్పాలంటే దీన్ని మించింది లేదు. జారినా తొక్కొచ్చు. కానీ చేత్తోని సుట్టుకుంట, వదులుకుంట ఉండాలె, గ్రౌండ్ల గడ్డి, పల్లేరు కాయలు అన్ని దానికే అంటుతయ్. మెడ పట్టాకు దీన్ని అసలే కట్టొద్దు, హార్నెస్‌కే.

## గొలుసు

మన దిక్కు చానామంది ఇండ్లల్ల ఇప్పటికీ ఇనుప గొలుసే. కొరకలేదు, తెగదు, నిజమే. కానీ మూడు నుంచి ఎనిమిది కిలోల కుక్కకు ఆ బరువు మెడ మీద రోజంత మోపుడు పాపం. ఎండల సురుక్కుమనేంత కాలుతది గూడ. చిన్న కుక్కకు వద్దు.

## ఒక్క చూపుల

| ఏం చూడాలె | సాగే దారం | సాగే పట్టీ | నైలాన్ 4–6 అడుగులు | పొడుగు తాడు |
|---|---|---|---|---|
| ఆపదల వెనక్కి తెచ్చుకునుడు | కష్టం | కష్టమే, కానీ పట్టుకోవచ్చు | సులువు | చేతుల సుట్టుకోని ఉంటే పర్వాలేదు |
| ఇరుకు గల్లీ | వద్దు | లాక్ చేసి ఐతేనే | మంచిది | వద్దు |
| గ్రౌండ్, చెరువు కట్ట | మంచిది | మంచిది | సరిపోతది | మంచిది, నేర్పుడుకు ఇంకా మంచిది |
| చేతికి దెబ్బ | ఎక్కువ | తక్కువ | చాలా తక్కువ | జారితే రాపిడి |
| చేతులకెళ్లి జారితే | డబ్బా తరుముతది | డబ్బా తరుముతది | తొక్కి పట్టొచ్చు | తొక్కి పట్టొచ్చు |
| కొత్త పిల్లకు | వద్దు | వద్దు | ఇదే | నేర్పేటప్పుడు |
| మన్నిక | దుమ్ము పోతే స్ప్రింగు పాడు | అంతే | ఏండ్లకు వస్తది | ఏండ్లకు వస్తది |

## ఎవరికి ఏది

పెద్దోళ్లు తిప్పే ఇల్లు. మా అత్తమ్మకు అరవై రెండు, మోకాళ్ల నొప్పులు. "వంగే పని లేదు, ఇదే బాగుంది" అని సాగేదే అడిగేది. వంగే పని లేకపోవుడు నిజమే, కానీ లడ్డు ఆమె ఎనుక నుంచి సుట్టు తిరిగొస్తే దారం కాళ్లకు పడతది, ఐదు మీటర్ల దూరం నుంచి ఉరికొచ్చి చివర ఆగితే ఆ జెర్కు ఆమె భుజానికి తగులుతది. అమెరికాల 2001 నుంచి 2020 దాక కుక్కను తిప్పుకుంట బెల్టు వల్ల దెబ్బలు తగిలి ఎమర్జెన్సీకి పోయినోళ్లు, పద్దెనిమిదేండ్లు దాటినోళ్లే, సుమారు 4,22,000 మంది అని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు లెక్క తీసిండ్రు, అది అన్ని రకాల బెల్టులు కలిపి. అందుల ఎక్కువ కనబడ్డవి వేలు విరుగుడు, తలకు దెబ్బ, భుజం బెణుకు, నలుగురిల ముగ్గురు ఆడోళ్లే. అత్తమ్మ వయసుల పడితే తుంటి ఎముకదాక పోతది. అత్తమ్మకు ఇప్పుడు ఆరడుగుల నైలాన్ బెల్టు, పట్టుకునే కాడ మెత్తటి గుడ్డ కుట్టిచ్చిన. ఆరడుగులైతే వంగకుండనే కుక్క కాళ్ల దగ్గర నడుస్తది.

పిల్లలు తిప్పే ఇల్లు. సాగే బెల్టు పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఇందుల రెండో మాట లేదు. వాళ్లు బటన్‌తోని ఆడుకుంటరు, దారాన్ని వేళ్లకు సుట్టుకుంటరు.

అపార్ట్‌మెంట్ల ఉండేటోళ్లు. నల్లగొండలైనా పాలమూరులైనా ఇప్పుడు అపార్ట్‌మెంట్లు బాగ లేచినయ్. లిఫ్ట్ ఉన్న కాడ సాగే బెల్టు లాక్ చెయ్యకుండ పోవొద్దు, కుక్క లోపట, మీరు బయట ఉండంగ తలుపు మూసుకున్నదంటే ప్రాణం మీదికొస్తది. లిఫ్ట్ల నేనైతే లడ్డును ఎత్తుకుంట.

తోట, చేను ఉన్నోళ్లు. సాగే బెల్టు నిజంగ పనికొచ్చేది ఇక్కడనే. మా చిన్నాయన వాళ్లకు బత్తాయి తోట ఉన్నది, పోయినప్పుడు లడ్డుకు పట్టీ రకం కడత. పొడుగు తాడైతే ప్రతి చెట్టు మొదలుకు సుట్టుకుంటది, సాగేదైతే వదులు ఉండదు కాబట్టి అంతగ సుట్టుకోదు. గట్ల మీద, పొదల కాడ మాత్రం రెండడుగులకు లాక్ చేస్త, పాములుంటయ్.

చెరువు కట్ట వాకింగ్ చేసేటోళ్లు. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు ట్యాంక్‌బండ్, సూర్యాపేట సద్దుల చెరువు లాంటి కాడ పొద్దుగాల జనం ఎక్కువ. కుక్కలను రానిస్తరా లేదా ముందు బోర్డు చూసి, అడిగి పోండి. జనం ఉన్నంతసేపు పొట్టి బెల్టే.

రెండు కుక్కలు ఉంటే సాగేటివి రెండు పట్టుకోవద్దు, పది నిమిషాలల్ల జడ అల్లినట్టు అయితది.

దీపావళి వారం, బోనాలప్పుడు, డీజే ఊరేగింపులప్పుడు ఏ ఇంట్లనైనా సాగేది బయటికి తీయొద్దు. బెదిరిన కుక్కకు ఐదు మీటర్లు ఇచ్చుడంటే తప్పిపోవడానికి దారి ఇచ్చుడే.

## సాగేదే కొంటా అంటే

హార్నెస్‌కే తగిలియ్యండి. ఇంటి గేటు నుంచి గ్రౌండ్ దాక నాలుగు అడుగులకు లాక్ చేసి పోండి, లోపటికి పోయినంకనే వదలండి. ముందు రెండు రోజులు కుక్క లేకుండ మీరే ప్రాక్టీస్ చేయండి, ఎవరినన్న కొక్కెం పట్టుకోని ఉరకమని చెప్పి బటన్ ఒత్తుడు చేతికి అలవాటు చేసుకోండి. డబ్బా జారినా పోకుండ ఒక చిన్న తాడు పిడికి కట్టి మణికట్టుకు వదులుగ తగిలిచ్చుకోవచ్చు, నేను పానగల్ సంగతి తర్వాత అట్లనే చేస్తున్న. కుక్కకు డబ్బా చప్పుడు గూడ అలవాటు చేయాలె, ఇంట్ల నేల మీద మెల్లగ జరుపుకుంట, పక్కన తినేది పెట్టుకుంట.

వారానికి ఒకసారి దారం మొత్తం బయటికి గుంజి, లాక్ చేసి, తడిగుడ్డతోని తుడిచి, ఆరినంకనే సుట్టనియ్యండి. మన దుబ్బ లోపటికి పోతే స్ప్రింగు బిగుసుకుంటది, సగంలనే ఆగిపోతది. పోగులు లేచినా, కొక్కెం కాడ కుట్టు వదులైనా, బటన్ ఒత్తినంక ఒక్క ఇంచు జారినా ఇగ దాన్ని పక్కకు పెట్టుడే. విప్పి బాగు చేద్దామని డబ్బా స్క్రూలు తీయకండి, లోపట స్ప్రింగు బిగించి ఉంటది, విప్పంగనే ముఖం మీదికి లేస్తది.